అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు: సింధు నది ఒడ్డున నిలబడి చూస్తే (తరచుగా అడిగే ప్రశ్నలు)

రోజూ వార్తలు చూస్తూనే ఉన్నాం. మళ్లీ ఈ సిద్ధాంతాలు దేనికి?

ఏదో ఒక సిద్ధాంతం మనసులో లేకుండా ఎవరూ వార్త చూడరు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మర్నాడే సింధు జలాల ఒప్పందాన్ని నిలిపి ఉంచుతున్నట్టు భారత్ ప్రకటించింది. ఆ రోజుల్లో జరిగిన వాదనలు గుర్తు తెచ్చుకోండి. బలం చూపిస్తేనే దారికొస్తారని కొందరన్నారు. ఒప్పందం మనమే పక్కన పెడితే రేపు బ్రహ్మపుత్ర గురించి చైనాను ఏ ముఖం పెట్టుకుని అడుగుతామని ఇంకొందరన్నారు. అసలు అటు పంజాబ్ రైతుకూ ఇటు పంజాబ్ రైతుకూ తేడా ఏముందన్నవాళ్లు కూడా ఉన్నారు. మొదటివాళ్లు రియలిస్టులు, రెండోవాళ్లు లిబరల్స్, మూడోవాళ్లు మార్క్సిజానికి దగ్గరివాళ్లు. ఆ సంగతి వాళ్లకు తెలియకపోవచ్చు, అంతే.

ఈ పేజీలో చాలావరకు ఈ ఒప్పందాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఒక్కో సిద్ధాంతానికి ఒక్కో కొత్త ఉదాహరణ ఇస్తే ప్రతి సిద్ధాంతమూ గెలిచినట్టే కనిపిస్తుంది. ఒకే సంఘటన మీద పెట్టి చూస్తే ఎవరి బలం ఎంతో తేలుతుంది.

సరే, ఆ ఒప్పందం కథేమిటో ముందు చెప్పండి.

1947లో దేశాన్ని చీల్చిన గీత కాలువల వ్యవస్థను కూడా చీల్చింది. కాలువల్లోకి నీళ్లు మళ్లించే హెడ్‌వర్క్స్ కొన్ని ఇటు మిగిలాయి, వాటి నీళ్లతో పండే పొలాలు అటు పోయాయి. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ ప్రభుత్వం అటు వెళ్లే కొన్ని కాలువలకు నీళ్లు ఆపేసింది. మే నెలలో ఢిల్లీలో మాట్లాడుకున్నాక మళ్లీ వదిలారు. కానీ ఆ కొద్ది వారాల భయం పాకిస్తాన్‌ను వదల్లేదు, ఇప్పటికీ వదల్లేదు.

1951లో డేవిడ్ లిలియెంథాల్ అనే అమెరికన్ రెండు దేశాలూ చూసి వెళ్లాడు. అమెరికాలో నదీలోయ డ్యాములు నడిపే టెనెసీ వ్యాలీ అథారిటీకి ఛైర్మన్‌గా పనిచేసిన మనిషి. దీన్ని రాజకీయ నాయకుల చేతిలోంచి తీసి ఇంజినీర్లకు అప్పగించండి, ప్రపంచ బ్యాంకు పెద్దమనిషిగా ఉంటుంది అని రాశాడు. బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ ఆ మాట పట్టుకున్నాడు. దాదాపు తొమ్మిదేళ్ల బేరసారాల తర్వాత 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌కు. నీళ్ల లెక్కలో సుమారు 80 శాతం అటే వెళ్లింది. పాకిస్తాన్ కొత్త కాలువలు కట్టుకోవడానికి భారత్ 6 కోట్ల 20 లక్షల 60 వేల పౌండ్లు పది వాయిదాల్లో కట్టాలని కూడా రాసుకున్నారు.

ఆ తర్వాత 1965, 1971, 1999లో యుద్ధాలు జరిగాయి. ఒప్పందం మాత్రం నిలిచింది. 2025లో ఆగింది. ఇప్పుడు ప్రశ్నలు రెండు: అన్నేళ్లు ఎందుకు నిలిచింది, ఇప్పుడెందుకు ఆగింది?

ప్రతి పుస్తకంలోనూ మొదటి అధ్యాయం అరాచకం గురించే ఉంటుంది. అంటే గందరగోళమా?

కాదు. పైన అడిగేవాడు లేకపోవడం. మన దగ్గరి ఉదాహరణ చూడండి. 2023 నవంబర్ 30న, తెలంగాణలో పోలింగ్ జరుగుతున్న రోజున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13 స్వాధీనం చేసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. రెండు రాష్ట్రాల పోలీసులు డ్యామ్ మీద ఎదురెదురుగా నిలబడ్డారు. తర్వాత ఏమైంది? కేంద్ర హోం శాఖ కలగజేసుకుంది, సీఆర్‌పీఎఫ్ దిగి డ్యామ్‌ను తన చేతిలోకి తీసుకుంది. కృష్ణా బోర్డు ఉంది, ట్రిబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. గొడవ తెగకపోవచ్చు, తెలుగువాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ పైన ఒకరున్నారు.

చీనాబ్ మీద ఎవరున్నారు? సీఆర్‌పీఎఫ్ లాంటిది రాదు. అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాలన్నా సాధారణంగా రెండు దేశాలూ ఒప్పుకోవాలి. ఈ తేడానే అరాచకం అంటారు. అది ఉందని దాదాపు అన్ని స్కూళ్లూ (సిద్ధాంత వర్గాలూ) ఒప్పుకుంటాయి. దానివల్ల ఏం జరుగుతుందన్న దగ్గరే తగాదా.

రియలిజం ఏమంటుంది?

కర్ర ఉన్నవాడిదే బర్రె అంటుంది. కాకపోతే అక్కడితో ఆగదు. ఎవరి కర్ర ఎంత పొడవుందో, అది చూసి పక్కవాడు ఏం చేస్తాడో లెక్క కడుతుంది.

మూలం వెతికేవాళ్లంతా క్రీస్తుపూర్వం 416 దగ్గరికి వెళతారు. ఏథెన్స్ సైన్యం మెలోస్ అనే చిన్న ద్వీపం మీదకి వచ్చింది. లొంగిపొమ్మంది. మేం ఎవరి పక్షమూ కాదు, న్యాయం ఆలోచించండి అన్నారు ద్వీపంవాళ్లు. న్యాయం సమాన బలం ఉన్నవాళ్ల మధ్య మాట, మిగతా చోట్ల బలమున్నవాళ్లు చేయగలిగింది చేస్తారు, లేనివాళ్లు పడాల్సింది పడతారు అన్నారు ఏథెన్స్ దూతలు. మెలోస్ లొంగలేదు. చివరికి మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. ఈ సంభాషణ రాసిన థుసిడిడీస్‌ను రియలిజానికి తాత అంటారు. ఆయన ఆ వెంటనే రాసింది ఏథెన్స్ సిసిలీ మీదకి దండెత్తి సర్వనాశనమైన కథ. ఆ భాగాన్ని కోట్ చేసేవాళ్లు తక్కువ.

ఆధునిక రియలిజం రెండో ప్రపంచ యుద్ధం చుట్టూ గట్టిపడింది. ఇ.హెచ్. కార్ 1939లో, హాన్స్ మోర్గెంథా 1948లో రాసిన పుస్తకాలు దానికి పునాది. మోర్గెంథా మనిషి స్వభావంలోనే అధికార దాహం ఉందన్నాడు. 1979లో కెన్నెత్ వాల్ట్జ్ వచ్చి మనిషి స్వభావం సంగతి వదిలేయమన్నాడు. పైన అడిగేవాడు లేని చోట మంచివాడైనా కత్తి దగ్గర పెట్టుకుంటాడు. దాన్ని చూసి పక్కింటివాడు ఇంకాస్త పెద్దది తెచ్చుకుంటాడు. ఇద్దరికీ దాడి ఉద్దేశం లేకపోయినా ఇద్దరికీ టెన్షన్ పెరుగుతుంది. దీన్నే భద్రతా సందిగ్ధం అంటారు. ఆ మాటను 1950 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చినవాడు జాన్ హెర్జ్.

సింధు దగ్గరికొస్తే రియలిస్టు ఇలా చదువుతాడు. ఎగువన ఉన్నది భారత్, కాబట్టి పైచేయి భారత్‌దే. 1948లో అది రుజువైంది. మరి 80 శాతం నీళ్లు ఎందుకు వదులుకుంది? అప్పట్లో పాకిస్తాన్ అమెరికా సైనిక కూటముల్లో ఉంది. భారత్‌కు పంచవర్ష ప్రణాళికలకు విదేశీ డబ్బు కావాలి. ఆ డబ్బు కూర్చే దేశాల బృందాన్ని 1958లో నిలబెట్టింది కూడా ఇదే ప్రపంచ బ్యాంకు. కాబట్టి అది ఉదారత కాదు, బేరం. బలాబలాలు మారాయి, 2025లో బేరం మారింది.

ఇంతవరకు బాగానే అతుకుతుంది. అతకనిది మధ్యలో ఉన్న 65 ఏళ్లు. 1971లో పాకిస్తాన్ రెండు ముక్కలైంది, 93 వేల మంది యుద్ధ ఖైదీలు మన చేతిలో ఉన్నారు. బలాబలాలు అంతకన్నా స్పష్టంగా ఎప్పుడున్నాయి? అయినా ఎవరూ గేట్ల జోలికి పోలేదు.

రియలిస్టులంటే యుద్ధం కావాలనేవాళ్లేగా?

చాలామంది ఇదే అనుకుంటారు. చరిత్ర అలా లేదు. వియత్నాం యుద్ధాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించిన పెద్ద గొంతుల్లో మోర్గెంథాది ఒకటి. 2002 సెప్టెంబర్‌లో ఇరాక్ మీద యుద్ధం అమెరికా ప్రయోజనాలకు మంచిది కాదంటూ 33 మంది అమెరికన్ పండితులు న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బు కట్టి ప్రకటన వేయించారు. అందులో వాల్ట్జ్, మియర్‌షైమర్, స్టీఫెన్ వాల్ట్ ఉన్నారు. ముగ్గురూ రియలిస్టులే. ప్రజాస్వామ్యాన్ని తుపాకీతో పంచిపెట్టొచ్చని నమ్మినవాళ్లు అవతలి పక్షంలో ఉన్నారు.

వాల్ట్జ్‌కూ మియర్‌షైమర్‌కూ తేడా ఏమిటి?

బతికి ఉండడానికి సరిపడా బలం చాలు, అంతకు మించి పోగేస్తే మిగతావాళ్లంతా ఏకమై మీద పడతారు అంటాడు వాల్ట్జ్. సరిపడా అంటే ఎంతో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతి పెద్ద దేశమూ తన ప్రాంతంలో తిరుగులేనిదిగా మారాలని చూస్తుంది అంటాడు మియర్‌షైమర్. మొదటిది రక్షణాత్మక రియలిజం, రెండోది దూకుడు రియలిజం.

యూట్యూబ్‌లో మియర్‌షైమర్ ఉక్రెయిన్ గురించి ముందే చెప్పారని అందరూ అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. నాటోను రష్యా గుమ్మం దాకా తీసుకెళితే ఊరుకోదని ఆయన 2014లోనే గట్టిగా రాశారు. 2008లో బుకారెస్ట్‌లో ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా నాటో సభ్యులవుతాయని ప్రకటించడమే మూలమన్నది ఆయన వాదన. అంతకు ముందు 1993లో, ఉక్రెయిన్ తన దగ్గరున్న అణ్వస్త్రాలను వదులుకోకూడదని కూడా రాశారు. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లో హామీ కాగితాలు తీసుకుని ఉక్రెయిన్ అణ్వస్త్రాల దారి వదిలేసింది. ఆ కాగితాలు దాన్ని కాపాడలేదు. ఇక్కడ ఆయనకు మార్కులు వేయాల్సిందే.

రెండో సగం ఏమిటంటే, ఉక్రెయిన్‌ను మొత్తంగా ఆక్రమించడానికి ప్రయత్నించేంత తెలివితక్కువవాడు కాదు పుతిన్ అని కూడా అప్పట్లో ఆయనే అన్నారు. 2022 ఫిబ్రవరిలో కీవ్ మీదకి ట్యాంకులు వెళ్లాయి. వీడియో క్లిప్పుల్లో ఈ ముక్క కనిపించదు. ఇంకో ఇబ్బంది: తూర్పు యూరప్ దేశాలకు తమ భయాలు, తమ కోరికలు ఉంటాయని ఆ విశ్లేషణలో ఎక్కడా అనిపించదు. పోలండ్ నాటోలోకి ఎవరో లాగితే వెళ్లలేదు, వెంటపడి మరీ చేరింది.

లిబరలిజం అంటే మెతకతనమా?

కాదు. సొంత లాభం కోసమే దేశాలు కలిసి పనిచేస్తాయన్నది దాని వాదన. వంశవృక్షం ఇమాన్యుయెల్ కాంట్ 1795లో రాసిన శాశ్వత శాంతి వ్యాసం నుంచి మొదలుపెడతారు. 1918లో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పద్నాలుగు సూత్రాలు, 1920లో ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి. అంతర్జాతీయ సంబంధాలనే ఈ విషయానికి మొట్టమొదటి ప్రొఫెసర్ పదవి కూడా మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన దుఃఖంలోంచే పుట్టింది: 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో, విల్సన్ పేరు మీద. జపాన్ మంచూరియాను ఆక్రమిస్తే నానాజాతి సమితి చేతులెత్తేసింది, ఇటలీ అబిసీనియాను ఆక్రమిస్తే చేతులెత్తేసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు లిబరల్ అంటే కలలు కనేవాడన్న పేరు పడింది.

1970లలో రాబర్ట్ కియోహేన్, జోసెఫ్ నై దాన్ని కొత్తగా నిలబెట్టారు. వీళ్లు మంచితనం గురించి మాట్లాడలేదు. సంస్థలు ఎందుకు పనికొస్తాయో లెక్క చెప్పారు. అవతలివాడు మోసం చేస్తున్నాడో లేదో తెలుసుకునే వీలు కల్పిస్తాయి, ప్రతిసారీ మొదటి నుంచి బేరమాడే ఖర్చు తగ్గిస్తాయి, రేపు మళ్లీ ఇదే టేబుల్ దగ్గర కూర్చోవాలన్న జంకు పుట్టిస్తాయి.

సింధు ఒప్పందం వీళ్లకు దొరికిన బంగారం. రెండు దేశాలకూ చెరో కమిషనర్, ఏటా ఒక సమావేశం, నదుల లెక్కలు ఇచ్చిపుచ్చుకోవడం. తగాదా వస్తే ముందు కమిషన్, తర్వాత తటస్థ నిపుణుడు, ఆపైన మధ్యవర్తుల కోర్టు. చీనాబ్ మీద భారత్ కడుతున్న బగ్లిహార్ డ్యామ్ గురించి పాకిస్తాన్ 2005లో ప్రపంచ బ్యాంకుకు వెళితే, 2007లో తటస్థ నిపుణుడి నిర్ణయం వచ్చింది. డిజైన్‌లో కొన్ని మార్పులు చెప్పి, డ్యామ్ కట్టుకోమన్నాడు. రెండు వైపులా గొణిగారు, రెండు వైపులా ఒప్పుకున్నారు. అన్నిటికన్నా నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది ఆ పది వాయిదాల సంగతి. 1965లో లాహోర్ సెక్టార్‌లో యుద్ధం జరిగిన కాలంలో కూడా భారత్ డబ్బు కట్టడం మానలేదు. ఒకచేత్తో యుద్ధం, ఇంకోచేత్తో చెల్లింపు. కర్ర, బర్రె లెక్కలో ఇది ఎక్కడ ఇముడుతుంది?

మరి 2025? సంస్థ బలం సభ్యులు దానికి ఇచ్చే విలువ మీదే ఆధారపడుతుందని లిబరల్స్ ఒప్పుకోక తప్పదు. 2023 నుంచే ఒప్పందాన్ని మార్చుకుందామని భారత్ నోటీసులు ఇస్తూ వచ్చింది. 1960లో వాతావరణ మార్పు, జనాభా పెరుగుదల ఎవరి లెక్కలోనూ లేవు. నా ఉద్దేశంలో, మారడం చేతకాని సంస్థ విరుగుతుందన్నది లిబరల్స్ తగినంతగా పట్టించుకోని విషయం.

ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధం చేయవంటారు. కార్గిల్ మాటేమిటి?

ఈ వాదనను 1983లో మైకేల్ డాయిల్ గట్టిగా ముందుకు తెచ్చాడు. ఆయన మాట పూర్తిగా పరిణతి చెందిన ఉదార ప్రజాస్వామ్యాల గురించి. 1999లో ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఎన్నికైన ప్రధానులే ఉన్నారు, ఇద్దరూ అణ్వస్త్రాలు పరీక్షించి ఏడాది దాటింది. అయినా యుద్ధం జరిగింది. అక్కడ అసలు నిర్ణయం సైన్యానిది కాబట్టి లెక్కలోకి రాదని సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు అంటారు. ఆ జవాబులో పస ఉంది, తప్పించుకునే గుణం కూడా ఉంది. నచ్చని కేసు వచ్చినప్పుడల్లా అది అసలైన ప్రజాస్వామ్యం కాదు అంటూ పోతే సిద్ధాంతం ఎప్పటికీ ఓడిపోదు. ఇరాన్‌లో 1953లో ఎన్నికైన ప్రధాని మొసద్దెక్‌ను, చిలీలో 1973లో ఎన్నికైన అధ్యక్షుడు అయెండేను కూల్చడంలో అమెరికా చేసిన రహస్య పనులు కూడా ఈ లెక్కలో యుద్ధాలుగా పడవు.

సివిల్స్ సిలబస్‌లో ఐడియలిస్ట్, ఫంక్షనలిస్ట్, సిస్టమ్స్ అని ఉన్నాయి. ఇవి వేరేనా?

ఆ సిలబస్ కాస్త పాతకాలపు వరుసలో ఉంటుంది. ఐడియలిజం అంటే విల్సన్ కాలపు లిబరలిజం. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు, విమర్శకులు తగిలించింది.

ఫంక్షనలిజం 1943లో డేవిడ్ మిట్రనీ రాసిన చిన్న పుస్తకంతో ముడిపడింది. సరిహద్దుల గొడవ వదిలేసి రైళ్లు, తపాలా, నదులు లాంటి పనులు కలిసి చేసుకుంటూ పోతే శాంతి దానంతట అదే అలవాటవుతుందన్నాడు. లిలియెంథాల్ సలహా ఇదే బాట. యూరప్‌లో 1950లో షూమన్ ప్రకటనతో బొగ్గు, ఉక్కు కలిపారు. అది పెరిగి పెరిగి యూరోపియన్ యూనియన్ అయ్యింది. ఎర్నెస్ట్ హాస్ దాన్ని చూసి నియో-ఫంక్షనలిజం రాశాడు. సింధులో మాత్రం నదులను కలిపి నడపలేదు, మూడు మూడు పంచుకుని విడిపోయారు. ఇంజినీర్లకు నచ్చింది మొదటిది, రాజకీయానికి కుదిరింది రెండోది. యూరప్‌లోలాగా ఆ సహకారం విస్తరించకపోవడానికి కారణం అక్కడే ఉందనిపిస్తుంది.

సిస్టమ్స్ అంటే అంతర్జాతీయ వ్యవస్థ ఎలా ఉండొచ్చో మోర్టన్ కాప్లాన్ 1957లో ఇచ్చిన ఆరు నమూనాలు. పరీక్ష కోసం గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు పరిశోధనలో ఎవరూ పెద్దగా వాడటం లేదు.

కన్‌స్ట్రక్టివిజం అంటే భయపెట్టే పేరు. తేలిగ్గా చెప్పగలరా?

బ్రిటన్ దగ్గర 500 అణుబాంబులున్నా అమెరికాకు నిద్ర పడుతుంది, ఉత్తర కొరియా దగ్గర ఐదుంటే పట్టదు. అలెగ్జాండర్ వెండ్ట్ ఇచ్చిన ఈ ఉదాహరణతో సగం పని అయిపోతుంది. ఆయుధం అంటే ఇనుము మాత్రమే కాదు, అది ఎవరి చేతిలో ఉంది, వాళ్లు మనకేమవుతారు అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. 1992లో ఆయన రాసిన వ్యాసం సారాంశం కూడా అదే: అరాచకం దానంతట అది ఏమీ చేయదు, దేశాలు దాన్ని ఎలా మలుచుకుంటే అలా ఉంటుంది.

ఈ కళ్లతో సింధు చూడండి. నదులు అవే ఆరు. ఒప్పందం అక్షరం మారలేదు. 1960లో అది క్యూసెక్కులు, హెడ్‌వర్క్స్, కాలువల విషయం. నేతలు దాన్ని ఇంజినీర్ల భాషలోనే ఉంచారు. 2016లో ఉరీ దాడి తర్వాత, రక్తం, నీళ్లు కలిసి ప్రవహించలేవని ప్రధాని మోదీ అన్నారు. ఆ మాటతో నీళ్లు లెక్కల పుస్తకంలోంచి దేశ గౌరవంలోకి వచ్చాయి. ఒకసారి అలా వచ్చాక అవతలివాళ్లకు ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వడం కూడా ఓటమిలా కనిపిస్తుంది. 2025 ప్రకటనకు తొమ్మిదేళ్ల ముందే దాని భాష సిద్ధమైంది.

రియలిస్టులు దీనికి ఇచ్చే జవాబు కూడా గట్టిదే. మాటలు ఎన్ని మారినా చీనాబ్ నీళ్లు ఆగవు. సలాల్, బగ్లిహార్ లాంటివి పారే నీటి మీద కరెంటు తీసే ప్రాజెక్టులు, పెద్దగా నిల్వ ఉండదు. వర్షాకాలపు వరదను ఆపాలంటే ఏళ్ల తరబడి డ్యాములు, కాలువలు కట్టాలి. ఒప్పందం ఆపడం ఒక ఎత్తు, నీళ్లు ఆపడం ఇంకో ఎత్తు.

ఇంగ్లిష్ స్కూల్?

రియలిస్టుకూ లిబరల్‌కూ మధ్య దారి. హెడ్లీ బుల్ 1977 పుస్తకం దీనికి ముఖ్యం. పైన ప్రభుత్వం లేకపోయినా దేశాల మధ్య ఒక సమాజం ఉంటుందంటాడు: రాయబారులకు రక్షణ, ఒప్పందాలకు విలువ, యుద్ధానికీ కొన్ని కట్టుబాట్లు. శత్రువు పంపినా దూతను చంపకూడదని హనుమంతుడి విషయంలో విభీషణుడు చెప్పింది గుర్తుంటే ఇది సులువుగా బుర్రకెక్కుతుంది.

మార్క్సిస్టులు దేశాల మధ్య యుద్ధాల గురించి ఏం చెబుతారు? వాళ్లకు వర్గాలే కదా ముఖ్యం?

అందుకే వాళ్లు అడిగే ప్రశ్నలు వేరు. లెనిన్ 1916లో సామ్రాజ్యవాదం మీద రాస్తూ పెట్టుబడి మార్కెట్ల కోసం దేశాలను కొట్లాటకు తోస్తుందన్నాడు. తర్వాత లాటిన్ అమెరికా నుంచి పరాధీనతా సిద్ధాంతం వచ్చింది. పేద దేశాలు వెనకబడి లేవు, వెనక్కి నెట్టబడ్డాయన్నది దాని సారం. 1974లో ఇమాన్యుయెల్ వాలర్‌స్టైన్ ప్రపంచాన్ని కేంద్రం, అంచు, మధ్యస్థం అని విడదీశాడు. 1981లో రాబర్ట్ కాక్స్, ప్రతి సిద్ధాంతమూ ఎవరి కోసమో, ఏదో పని కోసం పుడుతుందన్నాడు. ఈ వాక్యం రాసుకుని పక్కన పెట్టుకోండి, మిగతా సిద్ధాంతాలు చదివేటప్పుడు పనికొస్తుంది.

సింధులో వీళ్లు చూసేది సంతకాలను కాదు. ఆ కాలువలు ఎవరు తవ్వించారు? బ్రిటిష్‌వాళ్లు, పన్నుల కోసం, తమకు నమ్మకమైన భూస్వాములను తయారు చేసుకోవడం కోసం. ఒప్పందం డబ్బుతో ఏం కట్టారు? జీలం మీద మంగ్లా డ్యామ్ ఒకటి. 1967లో పూర్తయింది. మీర్‌పూర్ ప్రాంతంలో లక్ష మందికి పైగా ఇళ్లు, పొలాలు వదులుకున్నారు. వాళ్లలో చాలామంది బ్రిటన్ వెళ్లి బ్రాడ్‌ఫర్డ్ లాంటి ఊళ్లలో మిల్లుల్లో చేరారు. ఈ రోజు బ్రిటన్‌లో ఉన్న పాకిస్తానీ కుటుంబాల్లో పెద్ద భాగం మీర్‌పూర్ మూలాలవే. శాంతి ఒప్పందం అని అందరం మెచ్చుకునేదాని కింద మునిగిన ఊళ్లు అవి. శ్రీశైలం ముంపు గ్రామాల్లో పుట్టినవాళ్లకు దీని గురించి నేను వివరించాల్సిన పని లేదు.

లోపమేమిటంటే, ఇదంతా చెప్పినా, 2025 ఏప్రిల్ 23నే ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు.

స్త్రీవాదానికి విదేశాంగ విధానంతో ఏం పని?

సింథియా ఎన్లో 1980ల చివర్లో ఒక చిన్న ప్రశ్న అడిగింది: ఇందులో ఆడవాళ్లు ఎక్కడున్నారు? సైనిక స్థావరాల చుట్టూ, అరటి తోటల్లో, రాయబారుల ఇళ్లలో, పరాయి దేశపు వంటిళ్లలో ఉన్నారని చూపించింది. ఆన్ టిక్నర్, రియలిజానికి మోర్గెంథా రాసిన ఆరు సూత్రాలను తీసుకుని, మనిషి స్వభావం పేరుతో మగవాడి స్వభావమే రాశారని ఎత్తిచూపింది.

ఇక్కడ సింధు వదిలి కువైట్ వెళ్దాం. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి ఎంతమంది వెళతారో మనకు తెలుసు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలని భారత ప్రభుత్వ నిబంధన. రక్షణ కోసమే పెట్టారు. కానీ దాని చాటున వయసు దాచి విజిట్ వీసాల మీద పంపే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. అలా వెళ్లినవాళ్లకు కష్టమొస్తే రికార్డుల్లోనే ఉండరు. రెండు దేశాల సంబంధం అంటే చమురు, పెట్టుబడులు అని మాత్రమే రాసే పుస్తకంలో ఈ మనిషి కనిపించదు. ఆమె పంపే డబ్బు మాత్రం విదేశీ మారక ద్రవ్యం లెక్కల్లో కనిపిస్తుంది.

ఇవన్నీ పడమటి సిద్ధాంతాలే. మన కౌటిల్యుడు మొదటి రియలిస్టు కదా?

పడమటివన్నది చాలావరకు నిజం, అనుకున్నదానికన్నా ఎక్కువ నిజం. ఈ రంగంలో పేరున్న ఫారిన్ అఫైర్స్ పత్రిక పూర్వరూపం 1910లో మొదలైన ఒక జర్నల్. దాని పేరులో ఉన్నది జాతుల అభివృద్ధి. అంటే తెల్లవాళ్లు మిగతావాళ్లను ఎలా పాలించాలన్న చర్చ. మొదటి అధ్యాయాల్లో ఈ సంగతి ఉండదు.

కౌటిల్యుడి విషయానికొస్తే, అర్థశాస్త్రం తాళపత్రాలు మైసూరులో శామశాస్త్రి చేతికి 1905లో దొరికాయి, 1909లో అచ్చయ్యాయి. పదేళ్లు తిరక్కుండానే, దీని ముందు ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి అమాయకుడన్నట్టుగా జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ 1919 ఉపన్యాసంలో అన్నాడు. పొరుగువాడు శత్రువు, వాడి పొరుగువాడు మిత్రుడు అనే మండల సిద్ధాంతం ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. అయితే మండలం కన్నా ఆరు విధానాల షాడ్గుణ్యమే లోతైనదని నాకనిపిస్తుంది: సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం, యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుడి ఆశ్రయం), ద్వైధీభావం. ఒకరితో సంధి చేసుకుంటూ ఇంకొకరితో పోరాడే ద్వైధీభావం, ఏమీ చేయకుండా కాచుకుని కూర్చునే ఆసనం కూడా విధానాలే. పోరాటమా, పొత్తా అన్న రెండు గీతల మధ్య నలిగే వాల్ట్జ్ దగ్గర ఇన్ని మెట్లు లేవు.

కానీ మొదటి రియలిస్టు అని ముద్ర వేస్తే ఆయనకే నష్టం. ప్రజల యోగక్షేమమే రాజు సుఖమనీ, జనం విసిగిపోతే కోట కూడా కాపాడదనీ చెప్పిన మనిషి ఆయన. రాజ్యం లోపలి సంగతులను లెక్కలోంచి తీసేసిన వాల్ట్జ్‌తో ఇది ఎక్కడ కలుస్తుంది? తెలుగులో కూడా ఈ దారి ఉంది. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు రాజనీతి కోసం ప్రత్యేకంగా పద్యాలు కేటాయించాడు. యుద్ధాలు గెలిచినవాడి చేతి రాత కాబట్టి ప్రొఫెసర్ల పుస్తకాలకు లేని బరువు దానికి ఉంది.

మరి భారత్ ఏ స్కూలు?

ఏదీ కాదు. నెహ్రూను ఐడియలిస్టు అని, 1962 చైనా యుద్ధం తర్వాత కళ్లు తెరిచామని చెప్పడం మామూలైపోయింది. చైనాతో 1954లో రాసుకున్న పంచశీల కాగితం నిజానికి టిబెట్‌తో వ్యాపారం గురించిన ఒప్పందానికి ముందుమాట. అలీన విధానాన్ని గోడ మీద పిల్లి అని వెక్కిరించిన రియలిస్టులు, రెండు శిబిరాల దగ్గరా సాయం తీసుకున్న బలహీన దేశం ఇంకేం చేసి ఉండాలో చెప్పలేదు. ఇందిరాగాంధీ 1971 ఆగస్టులో సోవియట్ ఒప్పందం చేసుకుంది, అలీనోద్యమంలోంచి బయటికి రాలేదు.

నన్నడిగితే పి.వి. నరసింహారావు కాలం చదవమంటాను. సోవియట్ యూనియన్ కూలిపోయింది, ఖజానా ఖాళీ. 1992 జనవరిలో పాలస్తీనా నేత యాసర్ అరాఫత్‌ను ఢిల్లీకి ఆహ్వానించి మాట్లాడి, ఆ నెలాఖరులోనే ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నారు. ఆగ్నేయాసియా వైపు చూసే విధానం మొదలుపెట్టారు. 1993 సెప్టెంబర్‌లో సరిహద్దులో శాంతి కోసం చైనాతో ఒప్పందం చేసుకున్నారు. ఇందులో బలం లెక్క ఉంది, వ్యాపారం లెక్క ఉంది, నలుగురిలో మాట పడకుండా చూసుకునే జాగ్రత్త ఉంది. ఏ ఒక్క అధ్యాయంలోనూ ఇమడదు.

చివరికి ఏది కరెక్టు?

ప్రచ్ఛన్న యుద్ధం ముగుస్తుందని వీటిలో ఏదీ ముందుగా చెప్పలేదు. 1989లో బెర్లిన్ గోడ కూలినప్పుడు ఈ రంగం మొత్తం బిత్తరపోయింది; కన్‌స్ట్రక్టివిజానికి గిరాకీ పెరిగింది ఆ తర్వాతే. కాబట్టి జోస్యం కోసం వెళ్లకండి. సింధు విషయంలో నా లెక్క ఇది: ఒప్పందం ఎందుకు కుదిరిందో రియలిస్టు, ఎందుకు నిలిచిందో లిబరల్, ఎందుకు ఆగిందో కన్‌స్ట్రక్టివిస్టు, ఖర్చు ఎవరు భరించారో మార్క్సిస్టు బాగా చెబుతారు. ఒకే మనిషి నాలుగూ చెప్పబోతే మాత్రం అనుమానించండి.

ఎక్కడ మొదలుపెట్టి చదవాలి? పేర్లు, సంవత్సరాలు బట్టీ పడితే పరీక్షలో సరిపోతుందా?

సరిపోదు. మోర్గెంథా ఆరు సూత్రాలు వరుసగా రాసేవాళ్లు వందల్లో ఉంటారు. వాటిని భారత్, చైనా సైనికుల గల్వాన్ ఘర్షణ మీద పెట్టి చూపించేవాళ్లకే మార్కులు పడతాయి. మెలోస్ సంభాషణతో మొదలుపెట్టండి, కొద్ది పేజీలే. తర్వాత వెండ్ట్ 1992 వ్యాసం. మొదటి పది పేజీలు కష్టపెడతాయి, ఓపిక పట్టండి. వాల్ట్జ్ 1979 పుస్తకం చివరికి ఉంచుకోండి. నేరుగా దాంట్లో దిగినవాళ్లు చాలామంది రెండో అధ్యాయం దాటరు. వీటితో పాటు సింధు ఒప్పందం అసలు పాఠం కూడా దింపుకోండి, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అనుబంధాల్లో ఏ నెలలో ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులో రాసి ఉంటుంది. అవి దాటేయకండి, తగాదాలన్నీ మొదలయ్యేది అక్కడే.